పూత మీద పూత

పాలిష్ బాబాయి కోతలు కోస్తాడని మా వీధిలో అందరికీ తెలుసు. తెలిసే వింటాం. నా టైలరు కొట్టుకీ, వాళ్ళ వదిన టీ కొట్టుకీ మధ్య ఒక్క గోడే అడ్డం కాబట్టి నేను వద్దనుకున్నా వినక తప్పదు. ఎన్నో విన్నాను. కానీ ఆ సాయంత్రం కోసిన కోతలు వేరు. వాటి వెనక గట్టి అవసరమే ఉంది.

రెడీమేడ్ కుర్చీలూ మంచాలూ వచ్చాక చెక్కకి పాలిష్ పెట్టించుకునేవాళ్ళు తగ్గిపోయారు. బాబాయి చేతులకి పని లేదు, నోటికి మాత్రం రెట్టింపయింది. పైకి నవ్వుతూనే ఉండేవాడు గానీ, పొద్దున్నే బ్రష్షులు కడిగి ఆరబెట్టి, సాయంత్రం వాటినే మళ్ళీ డబ్బాలో సర్దుకోవడం నేను రోజూ చూస్తున్నాను. అలాంటప్పుడు విలువిద్య నేర్పే మాస్టారు కబురు పెట్టారు. వచ్చే నెల పోటీలున్నాయి. చెక్క విల్లు, చెక్క బాణం తప్ప ఇంకోటి పనికిరాదు. పోయిన ఏడాది వీళ్ళ బాణాలు తడికి వంకరపోయి, జట్టు ఆఖరున నిలిచింది. ఈసారి బాణం పుల్లలకి మంచి పూత పడాలి. ఆ పని బాబాయికి ఇవ్వాలా, వెనక వీధిలో కార్లకి రంగు కొట్టే షాపాయనకి ఇవ్వాలా అన్నది మాట్లాడి తేల్చుకోవడానికి ఆ సాయంత్రం వచ్చారు.

బాబాయి తన ఏర్పాట్లు తాను చేసుకున్నాడు. టీ కొట్టు ముందు, రేకు చూరు దాటాక, ఒక పొడుగు చెక్క బల్ల ఉంటుంది. బాణాలకి వేసే పూతే ముందు రోజు దానికి వేసి పెట్టాడు, మాస్టారు తన పనితనం కళ్ళారా చూస్తారని. బల్ల మొహం చూసుకునేట్టు మెరుస్తోంది. పొద్దుట్నుంచి ఎవర్నీ కూర్చోనివ్వలేదు. మాస్టారు రాగానే వేలి గణుపుతో టకటకా కొట్టి, "వినండి మోత! ఎలా ఆరిందో!" అని తనే మధ్యలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. మాస్టారికి ప్లాస్టిక్ కుర్చీ వేయించాడు. నేను ఒక కోటుకి గుండీలు కుడుతూ నా గుమ్మంలో నిలబడ్డాను.

మాస్టారు సంచిలోంచి ఒక పుల్ల తీసి ఇచ్చారు. బాబాయి దాన్ని కంటి ముందు పెట్టి ఒక కన్ను మూసి చూశాడు. వేళ్ళ మధ్య దొర్లించి తిరిగిచ్చాడు.

"గొప్పకి చెప్పడం కాదు గానీ మాస్టారూ, బాణాలకి పూత వెయ్యడం నాకు కొత్త కాదు. వడ్రంగం షాపులో పని నేర్చుకునే రోజుల్లోనే ఒక విలుకాడు వచ్చి నాలుగు పుల్లలు నా చేతిలో పెట్టాడు. మా గురువు చెయ్యనన్నాడు. నేను చేస్తానన్నాను. ముందు గరుకు కాగితంతో నున్నగా రుద్దాను. తర్వాత తడిగుడ్డతో ఒక్కసారి తుడిచాను. ఎందుకో తెలుసా? తడి తగిలితే కర్ర మీద పడుకున్న నూగు లేస్తుంది. ఆరాక దాన్ని మళ్ళీ రుద్దాలి. అప్పుడుగానీ పూత జోలికి పోకూడదు."

"ఏ పూత వేశారు?" అని అడిగారు మాస్టారు.

"అదీ ప్రశ్న! మైనం సులువే, కానీ ఎండలో పెడితే చేతికి జిడ్డు. లక్క తొందరగా ఆరుతుంది, నీళ్ళు పడితే తెల్లమచ్చ కడుతుంది. వార్నిష్ గట్టిదే, కానీ దళసరిగా పడిందో, పుల్ల బరువెక్కుతుంది. విల్లు నుంచి వదిలినప్పుడు పుల్ల వంగి లేస్తుంది కదా, అప్పుడు పైపొర పగులుతుంది. ఆ కార్ల షాపాయన కొట్టేది అదే, నేను పేరు పెట్టి అనడం లేదు. నా మాట అడిగితే అవిసె నూనె. కాచిన నూనె. కర్ర లోపలికి దిగుతుంది, తడిని రానివ్వదు, కర్రతో పాటే వంగుతుంది."

"మరి ఈకలు అతికించే చోటో? నూనె మీద జిగురు పట్టదంటారు."

"పట్టదు. అందుకే ఆ మేరకి కాగితం చుట్టి దారం కట్టేస్తాను. ఈక కూర్చునే చోటికి నూనె చుక్క పోదు."

మాస్టారు తల ఊపారు. వదిన స్టవ్ దగ్గర్నుంచి తొంగి చూసింది. మరిది ఇంతసేపు నిజాలు మాట్లాడటం ఆవిడకీ కొత్తే.

"ఇంకో మాట మాస్టారూ. నూనె రాయడం ఎవడైనా రాస్తాడు. తుడవడంలో ఉంది అసలు పని. రాయాలి, కాసేపు తాగనివ్వాలి, మిగిలింది మెత్తటి గుడ్డతో చేతికి తడి తగలనంతగా తుడిచెయ్యాలి. తుడవకుండా మెరుపు కోసం పూత మీద పూత వేశారనుకోండి, పైన తొక్క కట్టి ఆరినట్టే కనబడుతుంది. లోపల పచ్చిగానే ఉంటుంది. వేలితో కొట్టి చూస్తే ఏమీ తెలీదు. గుప్పిట్లో పట్టుకుని కూర్చోవాలి. ఒంటి వేడికి తొక్క మెత్తబడి, లోపలి జిగట బయటికొచ్చి పట్టేసుకుంటుంది. ఇక వదల..."

ఇక్కడ బాబాయి ఆగాడు. కొంచెం పక్కకి జరగబోయినట్టున్నాడు. జరగలేదు. మొహంలో ఏదో మారింది. మేకు గుచ్చుకుందేమో అనుకున్నాను.

"చాలా బాగా చెప్పారు," అన్నారు మాస్టారు లేస్తూ. "నాక్కావలసింది ఇంతే. పని మీకే. పదండి, మైదానం గదిలో మిగతా పుల్లలున్నాయి, చూసి తెచ్చుకుందురు గాని. మళ్ళీ గది మూసేస్తారు."

ఎన్నాళ్ళ తర్వాతో వచ్చిన పని. బాబాయి ఎగిరి గంతెయ్యాలి. వెయ్యలేదు.

"కూర్చోండి మాస్టారూ, తొందరేముంది? అసలు కథ చెప్పనేలేదు! ఆ విలుకాడి బాణాలు ఏమయ్యాయో వినొద్దూ? పోటీ రోజు వాన. మామూలు వాన కాదు, కుండలతో కుమ్మరించినట్టు. అందరి బాణాలూ ఉబ్బి దోసకాయలయ్యాయి. నా పూత వేసిన నాలుగూ మాత్రం సూదుల్లా ఉన్నాయి. నీటి చుక్క వాటి మీద పడగానే జారిపోయేది. అది చిన్న విషయమే అనుకోండి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కాసేపటికి చినుకులకి అర్థమైపోయింది, ఈ కర్ర మీద మనకి చోటు లేదని. పడటమే మానేశాయి. పైనుంచి వస్తూ బాణాన్ని చూసి అటొకటి ఇటొకటి తప్పుకు పోయేవి!"

"చినుకులా?" అన్నాను.

"నేను చూశాను టైలరూ! ఆ విలుకాడు తెలివైనవాడు. బాణం నెత్తి మీద అడ్డంగా పట్టుకుని నిలబడ్డాడు. గొడుగెందుకిక? వెనకాల వాళ్ళ జట్టంతా వరసగా నిలబడింది. ఒక్కరికి తడి అంటలేదు. ఆఖరున ఉన్నవాడికి జలుబు కూడా చెయ్యలేదు."

మాస్టారు కుర్చీ అంచు మీద కూర్చున్నారు. మర్యాద గల మనిషి. "బాగుంది. దారిలో మాట్లాడుకుందామా?" అన్నారు.

"దారిలో ఏం మాట్లాడతాం, దుమ్ము. వదినా, మాస్టారికి ఇంకో టీ!"

"ఇప్పుడేగా తాగారు," అంది వదిన.

"ఇంకోటి ఇవ్వమంటున్నానుగా! నేనెక్కడున్నాను? ఆఁ, బరువు. బాణానికి బరువు ప్రాణం మాస్టారూ, మీకు నేను చెప్పేదేముంది. పూత వేశాక తూచి చూడాలి. నాలుగూ సమానంగా ఉండాలి. కిరాణా కొట్టుకి పట్టుకెళ్ళి త్రాసులో పెట్టాను. మామూలుగా పూత వేస్తే ఏమవుతుంది? పళ్ళెం దిగుతుంది. నా పూత అంత పల్చన, పుల్ల అంత తేలిక. పెట్టగానే పళ్ళెం పైకి లేచింది!"

వదిన గరిటె పట్టుకుని బయటికే వచ్చింది. "ఏమీ పెట్టనప్పుడు సమంగా ఉన్న పళ్ళెం, బాణం పెడితే పైకి లేచిందా?"

"సరిగ్గా నేనూ ఆ కొట్టాయన్ని అదే అడిగాను వదినా! ఆయన త్రాసు తిరగేసి చూశాడు. రెండు ఉల్లిపాయలు పక్కన పెట్టి పళ్ళేన్ని కిందికి దింపుకున్నాం. ఇంటికి తెచ్చేటప్పుడు నాలుగింటికీ దారం కట్టి చేతికి చుట్టుకున్నాను, మళ్ళీ ఎగిరిపోతాయని."

అప్పుడే వీధిలోంచి హారన్ మోగింది. సరుకుల వ్యాను లోపలికి రావాలి, బాబాయి స్కూటరు అడ్డంగా ఉంది. ఆ స్కూటరు సంగతి మీకు తెలీదు. దాని సీటు మీద ఎవరైనా సంచి పెడితేనే ఊరుకోడు. సొంత అన్నయ్య అడిగితే కూడా తాళం ఇవ్వలేదని వదినకి ఇప్పటికీ గుర్రు. ఆ మనిషి జేబులోంచి తాళం తీసి నా మీదికి విసిరాడు.

"కాస్త పక్కకి పెట్టు టైలరూ."

నేను తాళం వంకా ఆయన వంకా చూశాను. వదిన నా వంక చూసింది. నేను వెళ్ళి స్కూటరు పక్కన పెట్టి వచ్చేసరికి కథ ఇంకో మలుపు తిరిగింది.

"...నూనె తాగి తాగి ఆ కర్రకి బలం పట్టేసింది మాస్టారూ! పొద్దున్నే లేచి చూద్దును కదా, పుల్ల చివర చిగురు! పచ్చగా, ఇంతే. పోటీ రోజున గోళ్ళు కత్తిరించినట్టు చిగుళ్ళు కత్తిరించుకుని వచ్చేవాళ్ళు పాపం. ఒకాయన కత్తిరించడం మరిచిపోయి అలాగే వదిలాడు. బాణం వెళ్ళి గురి బోర్డులో దిగింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వేళ్ళు పోసింది! ముగ్గురు లాగినా రాలేదు."

"మా బోర్డులు గడ్డితో చేస్తారు," అన్నారు మాస్టారు. గొంతులో మర్యాద కొంచెం తరిగింది.

"మరి అందుకేగా! గడ్డి కుళ్ళి ఎరువైంది. ఇప్పుడది పెద్ద మాను. అంపైర్లంతా దాని నీడలోనే కూర్చుంటారు."

"ఏం చెట్టది?" అంది వదిన.

"బాణం చెట్టు."

"కాయలు?"

"ఈకలు కాస్తుంది."

నేను నవ్వాపుకోలేక సూది వేలికి గుచ్చుకున్నాను. మాస్టారు నవ్వలేదు. గడియారం చూసుకున్నారు. "కార్ల షాపాయన ఇంతగా మాట్లాడడు," అన్నారు, ఎవరితోనో అన్నట్టుగా. చేతిలో పుల్లని మళ్ళీ సంచిలో పెట్టుకున్నారు.

బాబాయి అది చూశాడు. ఎవరైనా అక్కడితో ఆపుతారు. పని చేతిలోంచి జారిపోతోందని ఆయనకీ తెలుసు, కళ్ళల్లో కనబడుతూనే ఉంది. అయినా మాస్టారు లేవబోతుంటే ఇంకా గొంతు పెంచాడు. ఈ మనిషికి ఏమైందిరా, వచ్చిన పనిని నోటితో ఊదేసుకుంటున్నాడని నాకు నిజంగానే కోపం వచ్చింది.

"ఒక్కటి, ఒక్కటే మాస్టారూ, ఇది వినకుండా వెళ్తే మీకే నష్టం! నాలుగో బాణం సంగతి చెప్పలేదు. దానికి నేను పూత వేసి, తుడిచి, మళ్ళీ వేసి, మళ్ళీ తుడిచి, గాలి కూడా పట్టుకోలేనంత నున్నగా చేశాను. విలుకాడు కొంచెం పైకి గురిపెట్టి వదిలాడు. వెళ్ళింది. చూస్తున్నాం. చూస్తున్నాం. దిగదే! గాలి అడ్డుపడితేనే కదా వేగం తగ్గేది? పట్టుకోబోతే గాలికే చెయ్యి జారిపోతోంది. సాయంత్రం దాకా మెడలెత్తి చూసి, మెడలు పట్టేసి అందరూ ఇళ్ళకెళ్ళిపోయారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

మాస్టారు సంచి చంకన పెట్టుకున్నారు.

"మరుసటి ఏడాది! అదే మైదానం, అవే పోటీలు. ఎవడో కొత్త కుర్రాడు విల్లు ఎక్కుపెడుతున్నాడు. ఇంకా వదల్లేదు. ఠక్! పసుపు చుక్క నట్టనడుమ బాణం! ఎవరిదని చూస్తే నా పూత! ఏడాది పొడుగునా వానలూ ఎండలూ తిన్నా మెరుపు తగ్గలేదు. ఆ పాయింట్లు పోయిన ఏడాది లెక్కలో వెయ్యాలా, ఈ ఏడాది లెక్కలోనా అని అంపైర్లు కాలర్లు పట్టుకున్నారు. ఈలోగా ఆ బాణం వదిలినాయన విలువిద్య మానేసి బ్యాంకులో చేరిపోయాడు. చివరికి అందరూ కలిసి బ్యాంకుకి వెళ్ళి, కిటికీలోంచి గెలిచిన కప్పు అందించి వచ్చారు!"

"ఇక నేను వెళ్తానండీ," అన్నారు మాస్టారు.

అప్పుడు చినుకులు మొదలయ్యాయి.

ముందు నాలుగు, తర్వాత నలభై. మాస్టారు సంచి గుండెకి హత్తుకుని రేకు చూరు కిందికి పరుగెత్తారు. నేను కోటు పట్టుకుని వాళ్ళ పక్కన చేరాను. బాబాయి మాత్రం బల్ల మీదే కూర్చున్నాడు. కాలు మీద కాలు తీసేశాడు, అంతే.

"లోపలికి రా బాబాయ్!" అన్నాను.

"వానా? ఇదీ ఒక వానేనా! నాకలవాటే."

జుట్టులోంచి నీళ్ళు ముక్కు మీదికి కారుతున్నాయి. వదిన స్టవ్ తగ్గించింది. చేతులు కొంగుకి తుడుచుకుని, మాస్టారి సంచిలోంచి ఒక పుల్ల లాగి, చూరు కిందనుంచే చెయ్యి చాపి ఇచ్చింది.

"పట్టుకో మరిదీ. నెత్తి మీద అడ్డంగా పెట్టుకో. చినుకులు తప్పుకుంటాయి."

"అది పూత వెయ్యని పుల్ల వదినా," అన్నాడు బాబాయి ఠక్కున. ఆ మాత్రం తడుముకోడు.

"నిజమే. పూత వేసింది నువ్వు కూర్చున్న బల్ల కదా. లేచి దాన్నే నెత్తి మీద పెట్టుకో."

బాబాయి ముక్కు మీది నీళ్ళు తుడుచుకున్నాడు.

"లెయ్యి."

"లేస్తా. కాసేపాగి."

"ఇప్పుడు లెయ్యి మరిదీ."

ఆయన రెండు చేతులూ బల్లకి ఆనించి లేవబోయాడు. ఆయనతో పాటు బల్ల వెనక కాళ్ళు కూడా గాల్లోకి లేచాయి. చిర్రుమని ఒక చప్పుడు. మళ్ళీ కూర్చుండిపోయాడు. నేను కుట్టిన ప్యాంటు అది, ఆ చప్పుడు నాకు బాగా తెలుసు.

"అదీ సంగతి," అంది వదిన. "ఏమిటా మాటలన్నీ కోటలు దాటుతున్నాయి, కాళ్ళు బల్ల దాటడం లేదేమిటా అని స్కూటరు తాళం విసిరినప్పట్నుంచీ చూస్తున్నాను. ఎప్పుడు అంటుకుపోయావు?"

బాబాయి తలొంచుకున్నాడు. "గుప్పిట్లో పట్టుకుని చూడాలని చెప్పాను చూడు, అప్పుడు."

"అప్పుడే చెప్పొచ్చుగా!"

"ఎలా చెప్పను వదినా? మాస్టారు పని మీకే అన్నారు. ఎన్నాళ్ళకో విన్నాను ఆ మాట. తుడవాలని చెప్పిన నోటితోనే, నేను తుడవలేదు, మెరుపు కోసం పూత మీద పూత వేశానని ఎలా చెప్పమంటావు? గాలికి దానంతట అదే గట్టిపడుతుందేమో, లేవొచ్చేమో అని, అందాకా మాట్లాడదామని..."

నాకు నవ్వొచ్చింది. ఇంతసేపూ ఆయన మీద కోపం తెచ్చుకున్నందుకు సిగ్గు కూడా వేసింది.

మాస్టారు చూరు కింద నుంచి వంగి బల్లని చూస్తున్నారు. ఖాళీగా ఉన్న మేర చినుకులు పడినవి పడినట్టే పూసల్లా నిలబడి, దొర్లి, అంచు నుంచి జారిపోతున్నాయి. చెక్కలోకి ఒక్క చుక్క ఇంకడం లేదు. ఆయన వేలితో ఒక చుక్కని తోశారు. అది జారింది. వేలు మాత్రం కొంచెం అంటుకుంది. వేలిని చూసుకున్నారు.

"నూనె మంచిదే," అన్నారు. "మీరు మొదట చెప్పిందీ అంతా నిజమే. కానీ నా బాణాలు ఇలా అంటుకుంటే విల్లుని వదలవు. తుడిచేదెవరు?"

బాబాయి నోరు తెరిచాడు. ఏదో పెద్దదే రాబోతోంది. వదిన చెయ్యి అడ్డం పెట్టింది.

"తుడిచేది నేను. పొద్దుట్నుంచి రాత్రి దాకా గ్లాసులు తుడిచే చెయ్యి నాది, మచ్చ మిగలనివ్వను. రాయడం మాత్రం మా మరిదికే వచ్చు, ఆ మాట కాదనను. మొదటి పూత ఎప్పుడూ బాగానే వేస్తాడండీ. నూనైనా, మాటైనా. అక్కడితో తుడుచుకుని లేచుంటే ఆ పుల్లలు ఈపాటికి ఇంటికొచ్చేవి."

మాస్టారు సంచి ఎత్తి పట్టుకున్నారు. బాబాయి రెండు చేతులూ చాచాడు. ఆ సంచి ఆయన చేతుల్ని దాటి వెళ్ళి వదిన చేతిలో పడింది.

"మీ పూచీ మీదే ఇస్తున్నాను," అన్నారు ఆవిడతో. మిగతా పుల్లలు రేపు పంపిస్తానని చెప్పి, వాన కాస్త సన్నబడగానే వెళ్ళిపోయారు.

నేను కత్తెర తెచ్చి బాబాయి వెనక మోకాళ్ళ మీద కూర్చున్నాను. బల్లకి ఎక్కడెక్కడ పట్టిందో చూసి గుడ్డ చుట్టూ కత్తిరించడం మొదలుపెట్టాను. నా కుట్టుని నేనే కత్తిరించుకోవడం ఏ టైలరుకైనా కష్టమే. ఆయన మెడ తిప్పి చూస్తూ నిట్టూర్చాడు. కొంచెం కొంచెంగా ఆ కళ్ళల్లోకి పాత వెలుగు రావడం నేను చూశాను.

"మెల్లగా టైలరూ. ఇదసలు ఏమంత అంటుకోవడం! ఒకసారి ఇలాగే నేను పూత వేసిన సోఫాలో ఒక జడ్జిగారు కూర్చున్నారు. ఆ తర్వాత ఏమైందో తెలు..."

వదిన లోపల్నుంచి గ్లాసులు తుడిచే గుడ్డ తెచ్చి ఆయన ఒళ్ళో పడేసింది.

ఆయన దాన్ని చూశాడు. ఆవిణ్ణి చూశాడు. మిగతా కథ మింగేసి, కూర్చున్న చోటు నుంచి చెయ్యి అందినంత మేర బల్ల తుడవసాగాడు.